సెస్నా 172లో కణతల నొప్పి: హెడ్‌సెట్ మార్చాలా?

సెస్నా 172 అనే చిన్న విమానంలో హెడ్‌సెట్ పెట్టుకుని గంట దాటితే కణతలు లాగేస్తున్నాయి, హెడ్‌సెట్ మార్చాలా అని అడిగారు కదా, ముందు మీ కళ్లజోడు చూసుకోండి. కాడలు లావుగా ఉంటే చెవి కుషన్ కింద సందు పడి ఇంజిన్ మోత లోపలికొస్తుంది. అది ఆపడానికి బ్యాండ్ బిగిస్తాం, నొప్పి అక్కడే మొదలు. నాకైతే సన్న కాడలు, జెల్ కుషన్లతోనే సగం బాధ తీరింది.

అయినా కొత్తది కావాలంటే, ట్రైనింగ్‌లో ఉన్నంతకాలం డేవిడ్ క్లార్క్ హెచ్10-13.4 తీసుకోమంటాను. ఆకుపచ్చ రంగు, అందం మాత్రం అడక్కండి! బ్యాటరీ గొడవ లేదు, మోత తగ్గింపులో 23 డెసిబెల్స్ రేటింగ్, అరిగిన కుషన్లు విడిగా దొరుకుతాయి. బోస్ ఏ30 లాంటి ఏఎన్ఆర్ (మోతను ఎలక్ట్రానిక్‌గా తగ్గించే) హెడ్‌సెట్లు చెవికి హాయే, జేబుకే బరువు.

కొనేటప్పుడు రెండు ప్లగ్గులున్నదే అడగండి. హెలికాప్టర్లకు వాడే ఒంటి ప్లగ్గు అడాప్టర్ లేకుండా మీ సెస్నాలో పట్టదు.