రూపాయి అప్పుకు చేతిలో రెండు పైసలు

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఎనిమిది ఎకరాల తోతాపురి మామిడి తోట. నలభై టన్నుల దాకా కాయ వస్తుంది. ఏటా ఒకే గుజ్జు ఫ్యాక్టరీకి తోలుతున్నాం. కిందటి సీజన్ డబ్బు సంక్రాంతికి గానీ చేతికి రాలేదు. ఈసారి వెంటనే అయితే కిలోకు 8 రూపాయలు, డిసెంబరు దాకా ఆగితే 9 రూపాయలు ఇస్తామని మేనేజరు అంటున్నారు. బీకాం చదివిన మా అబ్బాయి ఆ కంపెనీ లెక్కలు డౌన్‌లోడ్ చేసి చూశాడు. కరెంట్ రేషియో 1.4 ఉంది కాబట్టి పర్వాలేదంటాడు. క్యాష్ రేషియో మాత్రం 0.08 వచ్చిందట. కాయ అప్పుగా ఇవ్వవచ్చా?

జవాబు: మీ అబ్బాయి పంపిన కాగితాలు తీరిగ్గా చూశాను. కాయ తోలే ముందు ఫ్యాక్టరీ లెక్కలు తీయించిన రైతు ఉత్తరం నాకు రావడం ఇదే మొదలు. అందుకు అతణ్ని మెచ్చుకుంటూనే ఒక తప్పు దిద్దాలి. ఆ 0.08 నిజానికి 0.02.

క్యాష్ రేషియో కట్టడం సులువే. ఏడాదిలోపు తీర్చవలసిన అప్పులెన్నో చూసి, చేతిలో ఉన్న నగదును, బ్యాంకు ఖాతాలో నిల్వను, అడిగిన వెంటనే డబ్బుగా మారే పెట్టుబడులను కలిపి ఆ అప్పులతో భాగించాలి. గోదాములో సరుకును, రావలసిన బాకీలను ఇందులో కలపరు. ఈ కంపెనీకి 2025 మార్చి 31 నాటికి స్వల్పకాలిక అప్పులు 18 కోట్లు. నగదు, బ్యాంకు నిల్వలు కలిపి కోటిన్నర. మీ అబ్బాయి కోటిన్నరను 18 కోట్లతో భాగించాడు, 0.08 వచ్చింది. కానీ ఆస్తి అప్పుల పట్టీ కింద ఇచ్చిన వివరణల్లోకి వెళ్లి చూడండి. కోటిన్నరలో కోటీ పది లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్లు. బ్యాంకు గ్యారంటీల కోసం మార్జిన్‌గా, అంటే పూచీ సొమ్ముగా, ఉంచినవని పక్కనే చిన్న అక్షరాల్లో రాశారు. అంటే ఆ డబ్బు కంపెనీ పేరు మీదే ఉన్నా తాళం చెవి బ్యాంకు దగ్గర ఉంది. దాన్ని తీసేస్తే మిగిలేది నలభై లక్షలు. 18 కోట్ల అప్పుకు నలభై లక్షలంటే రూపాయికి రెండు పైసలు.

అంతమాత్రాన కంపెనీ మునిగిపోతోందని అనుకోకండి. క్యాష్ క్రెడిట్ ఖాతా, అంటే ఒక పరిమితి దాకా తీసుకుంటూ కడుతూ ఉండే బ్యాంకు అప్పు మీద నడిచే ఏ ఫ్యాక్టరీలోనైనా నగదు తక్కువగానే కనిపిస్తుంది. వచ్చిన ప్రతి రూపాయీ ఆ ఖాతాలో జమై అప్పును తగ్గిస్తుంది. వడ్డీ కడుతూ పక్కన డబ్బు పోగేసుకునే యజమాని ఉండడు. అందుకే ఇలాంటి సంస్థల విషయంలో క్యాష్ రేషియోను ఒంటరిగా నమ్మకూడదు. బ్యాంకు మంజూరు చేసిన పరిమితిలో ఇంకా ఎంత వాడుకోవడానికి మిగిలిందో కూడా తెలియాలి. పది కోట్ల పరిమితిలో నాలుగు కోట్లే వాడి ఉంటే రెండు పైసలు కూడా చాలు. ఇక్కడ వాడినది తొమ్మిది కోట్లని లెక్కల్లో ఉంది. పరిమితి ఎంతో లేదు. మేనేజరును అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

ఇక కరెంట్ రేషియో 1.4 సంగతి. ఏడాదిలోపు డబ్బుగా మారగల ఆస్తులన్నిటినీ అవే అప్పులతో భాగిస్తే వచ్చేది ఇది. స్వల్పకాలిక ఆస్తులు 25 కోట్ల 20 లక్షలు కాబట్టి ఆ అంకె సరైనదే. అందులో 14 కోట్లు సరుకు నిల్వ. సరుకంటే డ్రమ్ముల్లో నింపిన గుజ్జు. మామిడి కొనుగోలు జూలై ఆఖరుకో ఆగస్టు మొదటికో ముగిసిపోతుంది. అప్పుడు పిండిన గుజ్జు ఎనిమిది నెలల తర్వాత, మార్చి ఆఖరున కూడా 14 కోట్ల మేర గోదాములోనే ఉందంటే ఆర్డర్లు రాలేదని అర్థం. పాత నిల్వలు కదలక 2025లో ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ట్రాక్టర్లు గేట్ల ముందు బారులు తీరాయి. కిలోకు 12 రూపాయల్లో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించవలసి వచ్చింది. కరెంట్ రేషియో ఆ డ్రమ్ములన్నిటినీ పుస్తకంలో రాసిన ధరకు డబ్బుగా లెక్కిస్తుంది. కొనేవాడు ఆ ధర ఇస్తాడా అన్నది దానికి పట్టదు.

ఈ పాఠం నేనూ డబ్బు పోగొట్టించాకే నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట తిరుపతిలో ఒక లారీ యజమాని ఇలాగే ఒక కంపెనీ కాగితాలు పట్టుకొని వచ్చారు. కరెంట్ రేషియో ఒకటిన్నరకు పైగా ఉందని చూసి, ఆ కంపెనీకి నిశ్చింతగా లారీలు బాడుగకు తిప్పండి అని చెప్పాను. ఆయన బాడుగ పద్నాలుగు నెలలు ఆగింది. ఇప్పటికీ ఎదురుపడితే పలకరిస్తారు గానీ సలహా మాత్రం అడగరు.

మీకు ఇంకా దగ్గరి విషయం ఇంకొకటి ఉంది. అదే మార్చి 31 నాటికి సరఫరాదారులకు ఇవ్వవలసినది ఆరున్నర కోట్లు. కాయ కొనడం ఆగిపోయి ఎనిమిది నెలలైంది. రైతుల డబ్బు ఇచ్చేసి ఉంటే మిగిలిన బాకీ డ్రమ్ములకు, రవాణాకు, కరెంటుకు ఉండాలి. వాటికి ఆరున్నర కోట్లా? 2021 నుంచి కంపెనీలు ఈ బాకీలను వయసు వారీగా చూపించాలి: ఏడాది లోపువి, ఒకటి నుంచి రెండేళ్లవి, రెండు నుంచి మూడేళ్లవి, అంతకు మించినవి. ఈ పట్టికలో రెండో గడిలో 90 లక్షలున్నాయి. ఏడాది దాటినా డబ్బు అందని సరఫరాదారులున్నారన్నమాట. వారిలో మీ పొరుగు ఊరి రైతులున్నారేమో వ్యాపారులు కాయ కొనే ర్యాంపుల దగ్గర కనుక్కోండి. ఏ నిష్పత్తీ చెప్పని కబురు అక్కడ దొరుకుతుంది.

పైగా ఈ లెక్క పాతది. మార్చిలో ముగిసిన ఏడాది లెక్కలు అక్టోబరుకు గానీ కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కనిపించవు. మీరు జూన్‌లో కాయ తోలేసరికి ఆ అంకెల వయసు పదిహేను నెలలు. కాయ కొనే రోజుల్లోనే ఫ్యాక్టరీకి నగదు అవసరం అందరికన్నా ఎక్కువ. మార్చిలో రెండు పైసలున్న చోట జూలైలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు ఆ అదనపు రూపాయి. 8 రూపాయల మీద ఒక రూపాయి అంటే పన్నెండున్నర శాతం. ఆరు నెలలకే అంత కాబట్టి ఏడాదికి పాతిక శాతం వడ్డీ. ఇంతకన్నా బాగా తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు దొరికే సంస్థ మీకు పాతిక శాతం ఎందుకిస్తుంది? బ్యాంకు ఇక ఇవ్వడం లేదు గనుక అయి ఉండాలి. క్యాష్ రేషియో కన్నా ఈ రూపాయే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

డబ్బు ఎగ్గొడితే చట్టం అంతగా ఆదుకోదు. సరుకు మీద మొదటి హక్కు అప్పిచ్చిన బ్యాంకుది, మీ వంతు బాగా వెనక. దివాలా చట్టం కింద కేసు వేయాలంటే బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి. మీది 3 లక్షల 60 వేలు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలన్న నిబంధన పంట పండించే రైతుకు వర్తించదు.

ఇదే నిష్పత్తిని ఒకసారి మీ ఇంటికీ కట్టి చూడండి. జూన్ నుంచి డిసెంబరు దాకా తీర్చవలసిన పంట రుణం, కూలీలు, ఫీజులు ఒక పక్క, బ్యాంకులో ఉన్న డబ్బు ఒక పక్క వేయండి. మూడు లక్షల లోపు పంట రుణాన్ని గడువులో కడితే వడ్డీ 7 నుంచి 4 శాతానికి దిగుతుంది. ఫ్యాక్టరీ జాప్యం వల్ల గడువు తప్పితే ఆ రాయితీ పోతుంది.

కాబట్టి ముప్పై టన్నులు 8 రూపాయల లెక్కన వెంటనే డబ్బు తీసుకొని ఇవ్వండి. ‘వెంటనే’ అంటే ఎన్ని రోజులో రాయించుకోండి. వారు కుదరదంటే ర్యాంపుకు తోలండి. నేనైతే మిగిలిన పది కూడా అప్పుగా ఇవ్వను. కానీ కాయ ఎక్కువైన రోజుల్లో ఫ్యాక్టరీలోకి తోలే టోకెన్ దొరకడానికి మీకు ఆ గేటుతో పరిచయం కావాలి, అది నాకు తెలుసు. ఇవ్వదలిస్తే పది టన్నులు దాటవద్దు. పోతే పోయేది 90 వేలు, వస్తే అదనంగా వచ్చేది పది వేలు.

ఆ పది టన్నులకు కాటా చీటీ, బిల్లు కంపెనీ పేరుతో ఉండాలి, ఏజెంటు పేరుతో వద్దు. డిసెంబరు తేదీతో కంపెనీ ఖాతా చెక్కు తీసుకోండి. మేనేజరు సొంత చెక్కు పుచ్చుకోకండి. చెక్కు బౌన్సయితే సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే ఆపై నెలలోపు కోర్టుకు వెళ్లవచ్చు.

కాయ కోసే ముందు మీ అబ్బాయిని ఒకసారి ఫ్యాక్టరీ అకౌంటెంట్ దగ్గరికి పంపండి. 2026 మార్చి 31 నాటికి గుజ్జు నిల్వ ఎంత, బ్యాంకు పరిమితిలో మిగిలింది ఎంత, ఈ రెండే అడగమనండి. చెప్పకపోతే పది టన్నులు కూడా ర్యాంపుకే తోలండి.