ఎండిపోయే గుంటే కావాలి

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు ఫోన్లో అడిగినదానికి ఫోన్లోనే చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. మీ అత్తారి తోటలో ఆ పల్లపు మూల ఐదు సెంట్లూ పూడ్చకుండా కప్పలకీ తాబేళ్లకీ వదిలేద్దామన్నావు. మలికిపురం వైపు సెంటు ధర తెలిసి కూడా మీ మావగారు సరేనన్నారంటే ఆయనకి ముందు దణ్ణం పెట్టు. కానీ ఏడాదంతా నీళ్లుండేలా లోతుగా తవ్విద్దాం, గట్లకి సిమెంటు చేయిద్దాం, నాలుగు చేపపిల్లలు కూడా వేద్దాం అన్నావు చూడు, ఆ మూడూ నేను చేసి చెడగొట్టుకున్నవే.

పన్నెండేళ్ల కిందట మన తోటలో మొదటి గుంట తవ్వించినప్పుడు మేస్త్రీ మాట విని గోడలు నిలువుగా కట్టించాను. చూడ్డానికి కోనేరులా ముచ్చటగా ఉండేది. ఆ వానాకాలం గోదురు కప్పలు గుడ్లు పెట్టాయి. సన్న జిగురు దారాల్లో నల్లపూసలు గుచ్చినట్టు తుంగ మొక్కలకి చుట్టుకుని ఉండేవి. నెల దాటాక ఒక పొద్దున వెళ్లి చూద్దును కదా, కాళ్లొచ్చి తోక ఊడిన పిల్లలు, ఒక్కొక్కటీ శనగ్గింజంత, గోడ మూలకి చేరి ఎక్కుతున్నాయి, జారుతున్నాయి. అప్పటికే సగం చచ్చి తేలాయి. పాత చెక్క ఒకటి తెచ్చి వాలుగా పెడితే మిగిలినవి పావుగంటలో బయటికొచ్చేశాయి. మర్నాడే ఒక పక్క గోడ పగలగొట్టించాను. అందుకే అడుగు లోతుకి నాలుగైదు అడుగుల వాలు ఉండాలంటాను. పసిపిల్లాడు నడుచుకుంటూ దిగి, నడుచుకుంటూ ఎక్కి రావాలి.

ఇక చేపల సంగతి. మనవడు సరదాగా నాలుగు కొరమీను పిల్లలు వదిలాడు. రెండేళ్లు ఒక్క తోకకప్ప కనబడితే ఒట్టు. చుట్టూ ఇన్ని నీళ్లుంటే కప్పలేవీ అన్నావే, జవాబు అక్కడే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన డెల్టాకి కాలవ నీళ్లకి కొదవ లేదు. ఇప్పుడు వాటికి తోడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఇన్ని నీళ్లున్నా తోకకప్పని తినే నోరు లేని నీళ్లే కరువు. నీటి మీద టపటపా గెంతే చిన్న కప్పలు కాలవలోనూ బతికేస్తాయి గానీ, బావురు కప్పకి అలా కుదరదు. తొలకరికి కొత్తగా నిండిన గుంట చూసుకుని దిగుతుంది. ఎండిన గుంటలో చేప ఉండదు కదా. పిల్లలు కూడా నీళ్లు ఇంకేలోపు కాళ్లు తెచ్చుకోవాలని పరుగు మీద పెరుగుతాయి.

కాబట్టి వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లో నీ గుంట కూడా ఎండనీ. ఒక్క నెల పూర్తిగా నెర్రెలు విచ్చినా కంగారు పడకు, మోటారు వెయ్యకు. కొరమీను తడి బురదలో కూడా ప్రాణం బిగబట్టుకుంటుంది, అరకొరగా ఎండితే లాభం లేదు.

మీ వైపు లోతు వద్దనడానికి ఇంకో కారణం ఉప్పు. సముద్రం దగ్గర, పైగా పక్కనే రొయ్యల చెరువులు. నాలుగడుగులు దాటితే ఉప్పూట రావచ్చు. కప్ప చర్మం పలచన, ఉప్పుకి ఆగదు. రొయ్యల రైతుల దగ్గర ఉప్పు చూసే మీటరు ఉంటుంది, ఒకటి అడిగి తెచ్చి మే నెలలో పక్కనున్న బావి నీళ్లు చూడు. సున్నా దగ్గరుంటే బంగారం. రెండు పీపీటీ, అంటే లీటరుకి రెండు గ్రాముల ఉప్పు, దాటితే ఆ మూల తవ్వకు, తోటలో ఇంకాస్త మెరక చూసుకో. మధ్యలో మూడడుగుల లోతు, అడుగున బంకమట్టి తొక్కించి, పూర్తిగా వాన నీటి మీదే వదిలెయ్. వరిచేను నీళ్లు మాత్రం రానివ్వకు. పురుగుమందు గుళికలు చల్లిన మడి నీళ్లు ఒక్కసారి దిగాయంటే ఆ ఏటి పిల్లలు పోయినట్టే. అటువైపు అడుగున్నర గట్టు వేయించు.

మొక్కల కోసం పరుగెత్తకు. తుంగ, కలువ, తూటికూర అవే వస్తాయి. గుర్రపు డెక్క ఒక్క మొక్క కనబడినా పీకెయ్, నెల తిరిగేసరికి నీళ్లు కనబడనివ్వదు. నీటి మీదకి వంగే కొమ్మలు మాత్రం కొట్టించకు. చెట్టు కప్ప ఆ ఆకులకే సబ్బు నురగలాంటి గూడు పెడుతుంది, పిల్లలు అందులోంచి కిందికి నీళ్లలో రాలతాయి. ఎక్కడినుంచో తోకకప్పల్ని బిందెలో తెచ్చి పోయడం కూడా వద్దు, వాటితో కప్పల రోగాలొస్తాయి. నీళ్లుంటే అవే వాసన పట్టి వస్తాయి.

గట్టున ఒక మూల పాత పెంకులు, మామిడి దుంగలు గుట్టగా పడెయ్. నలికిరిలు, గోదురు కప్పలు పగలు అక్కడ దాక్కుంటాయి. కొబ్బరి మానులు మాత్రం పెట్టకు. అవి కుళ్లితే కొమ్ము పురుగు పుట్టి, పక్క చెట్ల మొవ్వు తినేస్తుంది, మీ మావగారు నన్ను తిట్టుకుంటారు. తాబేలు గట్టు మట్టిలోనే గుడ్లు పెడుతుంది, ఎండాకాలం బురదలో దిగబడి పడుకుంటుంది. అందుకని పూడిక ఒక ఏడు సగం, మరుసటేడు సగం తీయించు, గునపం పోట్లు లేకుండా పారతో. ముచ్చటేసినా దాన్ని ఇంటికి తెచ్చి తొట్టిలో పెట్టకండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

దోమలంటూ పక్కవాళ్లు గొడవకొస్తారు. ఎవరో ఒకరు గంబూషియా చేపలు తెచ్చి ఉచితమంటారు. తీసుకోకు, అవి దోమ పిల్లల్నీ కప్ప పిల్లల్నీ కలిపే తింటాయి. చేపల్లేని గుంటలో తూనీగ పిల్లలు, నీటి పురుగులు ఆ పని చేస్తాయి. ముందు వాళ్ల పెరట్లో కొబ్బరి చిప్పలు, పాత టైర్లు బోర్లించమని మర్యాదగా చెప్పు, డెంగీ దోమ పెరిగేది వాటిలో.

మీ అత్తగారి పాముల టెన్షన్ మాత్రం కొట్టిపారెయ్యదగ్గది కాదు. కప్పలుంటే నీరుకట్టు వస్తుంది, అది కరిచినా విషం లేదు. జెర్రిపోతు ఎలుకల కోసం వస్తుంది. కానీ మన వరిచేలల్లో రక్తపింజర కూడా ఉంటుంది. గుంట ఇంటికి ఎంత దూరమైతే అంత మంచిది, దారి మాత్రం గడ్డి లేకుండా నాలుగడుగుల వెడల్పున చెక్కించు. రాత్రి టార్చి, బూట్లు లేకుండా ఎవరూ వెళ్లొద్దు. ఎవర్నైనా కరిస్తే కట్లు, మంత్రాలు అని ఆగకుండా నేరుగా ఆసుపత్రికి. పెంకుల గుట్ట దారికి దూరంగా, అవతలి గట్టునే పెట్టు. రొయ్యల చెరువు చుట్టూ కట్టే నైలాను వల నీ గుంట చుట్టూ కట్టకు, పోయినేడు అలాంటి వలలోనే నిలువెత్తు జెర్రిపోతు చిక్కుకుని ఎండకి చచ్చింది.

బావురు కప్ప మగది తొలకరికి పసుపు పూసుకున్నట్టయి, గొంతు కింద రెండు నీలం బుడగలు ఊదుతూ అరుస్తుంది. నా చిన్నతనంలో పెట్రోమాక్స్ లైట్లతో వీటిని గోతాల్లో పట్టుకుపోయేవారు, కాళ్లు ఎగుమతికి. 1987లో ఎగుమతి ఆపేశారు. మీ ఊళ్లో ఇంకా ఉన్నాయో లేదో తొలి వాన రాత్రే తెలిసిపోతుంది.

రోహిణి కార్తె వెళ్లేలోపు తవ్వకం అయిపోవాలి. పొక్లెయిన్ కుర్రాడు చెప్పినట్టు వింటాను అంటూనే చేపల చెరువులా నలుచదరంగా, నిలువుగా తవ్వేస్తాడు, వాడి చెయ్యి దానికే అలవాటు పడిపోయి ఉంటుంది. ముగ్గుతో గీత గీసి ఉంచు. ఏ రోజన్నది ముందు చెప్పు, తెల్లారేసరికి అక్కడుంటాను.

ప్రేమతో,
పెదనాన్న