ఏదీ తెలియదన్న సంగతి నీకెలా తెలిసింది?

ప్రశ్న: మనకు ఏదీ నిశ్చయంగా తెలియదని నేనంటే, "ఆ సంగతి నీకు నిశ్చయంగా ఎలా తెలిసింది?" అన్నారు మా నాన్నగారు. నాకు జవాబు తోచలేదు. సంశయవాదం తన మాటతో తానే ఓడిపోతుందా?
– డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నాన్నగారి ఎత్తు పాతదే, గట్టిదే. ప్రమాణాలేవీ, అంటే దేన్నైనా తెలుసుకునే సాధనాలేవీ, చెల్లవంటే ఆ నిషేధానికీ ప్రమాణం ఉండదని న్యాయదర్శనం అనే తర్కశాస్త్రపు మూలగ్రంథం న్యాయసూత్రాలు అననే అన్నాయి. కానీ ఆ దెబ్బ "ఏదీ తెలియదు" అని తీర్మానించేవాళ్లకే తగులుతుంది. "తెలుసంటున్నారు కదా, ఎలా తెలుసు?" అని అడిగేవాళ్లకు తగలదు. ఈసారి అలా అడిగి చూడండి.

మీరు విజయవాడ బస్సులో దాటే యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో, ఆ బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడిదీ ఇదే దారి. (ఆయన్ని సంశయవాది అనవచ్చా అన్నది వేరే చర్చ.) తన పుస్తకం 'విగ్రహవ్యావర్తని' 29వ శ్లోకంలో, నాకు ప్రతిజ్ఞ (నిరూపించబూనిన తీర్మానం) అంటూ ఉంటే ఈ దోషం నాకు అంటేది, నాకు ప్రతిజ్ఞే లేదు అన్నాడు. ఆపైన ఎదురు ప్రశ్న వేశాడు: వస్తువులను ప్రమాణాలు నిరూపిస్తే, ప్రమాణాలను ఏది నిరూపిస్తుంది? ఇంకో ప్రమాణమంటే, దానికి మరొకటి కావాలి. అంతుండదు.

దీనికి న్యాయదర్శనం త్రాసును చూపించింది. నాకు అమితంగా నచ్చిన జవాబు ఇది. మన మిర్చి యార్డులోనే చూడండి. టిక్కీని (మిర్చి బస్తాను) కాటా మీద పెడితే తూకం తేలాల్సింది మిర్చికి. అనుమానం వచ్చి, ముద్ర వేసిన రాళ్లు దానిమీద పెడితే పరీక్ష కాటాకి. రాళ్ల మీదా అనుమానముంటే ఇంకో కాటా ఉంది. పరీక్షకు అందనిది ఏదీ లేదు, అన్నిటినీ ఒక్కసారే పరీక్షించడం మాత్రం కుదరదు.

ఒకదాన్నొకటి నిలబెట్టుకునేవి రెండూ నిలవవని నాగార్జునుడి వాదం. తర్కంలో ఆ మాటను కొట్టిపారేయలేం. అయినా నేను నైయాయికుల (న్యాయదర్శనం వాళ్ల) వైపే. రైతు ఊరికే అనుమానపడడు. ఇంటి దగ్గర తూచినదానికీ ఇక్కడ తూగినదానికీ తేడా వచ్చింది గనుక అనుమానపడ్డాడు. ఇంటి తూకాన్ని నమ్మబట్టే ఆ తేడా తెలిసింది. ఏ తూకాన్నీ నమ్మనివాళ్లకు తేడా ఎక్కడ కనిపిస్తుంది? వాళ్ల మాటలో వైరుధ్యం లేకపోవచ్చు, అనుమానానికి కారణం మాత్రం మిగలదు.

'విగ్రహవ్యావర్తని'లో శ్లోకాలు 70. మొదటి 20 ప్రతిపక్షం వాదన, మిగతావి జవాబులు. పక్కపక్కన పెట్టుకుని చదవండి. ప్రమాణాల చర్చ 30 నుంచి 51 దాకా ఉంది.