రాస్‌బెర్రీ పై లేవడానికి రెండు నిమిషాలా? తప్పు కార్డుదేనా?

వరంగల్ ఏనుమాముల దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ రాసే రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, కరెంటు వచ్చాక రెండు నిమిషాలకు గాని లేవట్లేదని ఒకరు అడిగారు. అది లేచేది మెమరీ కార్డు నుంచే అయినా, అప్పుడే కార్డు మార్చకండి. ముందు ‘సిస్టమ్‌డీ-అనలైజ్ క్రిటికల్-చైన్’ (systemd-analyze critical-chain) కమాండ్ కొట్టండి, లేచేటప్పుడు టైం ఎక్కడ పోతుందో చూపిస్తది. టైమంతా నెట్ వచ్చేదాకా ఆగే ‘వెయిట్-ఆన్‌లైన్’ (wait-online) సర్వీసు దగ్గరే పోతుంటే కార్డుది తప్పు కాదు. కరెంటు పోయి వస్తే రౌటర్ కూడా అప్పుడే లేస్తది, పై దానికోసం కాచుకొని కూర్చుంటది. మీ ప్రోగ్రాం నెట్ లేకున్నా నడిచేదైతే ఆ సర్వీసును డిసేబుల్ చేయండి.

ఆ లిస్టులో సర్వీసులన్నీ తలా కొంచెం ఆలస్యమవుతుంటేనే కార్డును అనుమానించాలి. బూట్ అంటే, అదే కంప్యూటర్ లేవడమంటే, వేల చిన్న ఫైళ్లను అక్కడొకటి ఇక్కడొకటి చదవడం. కార్డు మీద అచ్చేసిన స్పీడు మాత్రం పెద్ద ఫైలును వరుసగా చదివినప్పటిది, ఇక్కడ అది అక్కరకు రాదు. ఏ1 గుర్తున్నది కొనండి: సెకనుకు కనీసం 1500 చిన్న రీడ్లు, 500 రైట్లు చేయాలని దాని అర్థం. పై 4 స్లాటు సెకనుకు 50 ఎంబీ దాటదు కాబట్టి అంతకు మించిన స్పీడుకు డబ్బు దండగ.

సిస్టమ్ మెసేజ్‌లు చూపించే ‘డీమెసేజ్’ (dmesg) కమాండ్‌లో, కార్డును సూచించే ‘ఎంఎంసీ0’ (mmc0) పక్కన టైమవుట్, ఐ/ఓ ఎర్రర్ (చదవడం, రాయడంలో తప్పు) కనిపిస్తే మాత్రం ఆ రోజే డేటా కాపీ చేసుకోండి, కార్డు పోయేలా ఉంది. అడాప్టర్ కూడా 5.1 వోల్టుల, 3 ఆంపియర్లదే వాడండి.