వెలిగే ఆల్గేతో ఇన్‌స్టలేషన్ చేయాలంటే

కాలేజీ ఎగ్జిబిషన్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీలంగా వెలిగే గాజు గోడ పెట్టాలి, ఆల్గే ఎలా పెంచాలి అని అడిగారు. పెంచడం పెద్ద కష్టమేం కాదండీ, కానీ అది ట్యూబ్‌లైట్‌లా వెలుగుతూ కూర్చోదు. నీళ్లు కదిలితేనే తళుక్కుమంటుంది, సెకను తిరక్కుండా ఆరిపోతుంది, అదీ దాని లెక్కలో రాత్రి అయితేనే. గోడ మానేసి, వచ్చినవాళ్లు చేత్తో కదిలించేది ఏదైనా చేయండి. నేను చిన్న గాజు సీసాలు దారాలకు వేలాడదీశాను. వేలితో మెల్లగా తోస్తే లోపల నీలం చార ఒకటి గిర్రున తిరిగి మాయమయ్యేది, పిల్లలైతే అక్కణ్ణుంచి కదిలేవాళ్లు కాదు.

పైరోసిస్టిస్ ఫ్యూసిఫార్మిస్ అనే వెలిగే ఆల్గే రకం కల్చర్, అంటే ద్రావణంలో పెంచిన బతికున్న ఆల్గే, తీసుకోండి. ఒక్కో కణం దాదాపు మిల్లీమీటరు పొడవుంటుంది, టార్చి వేస్తే సన్నటి నలకల్లా విడివిడిగా కంటికే కనిపిస్తాయి. బీచ్ నుంచి నీళ్లు పట్టుకొస్తే సరిపోదా అంటారేమో, 2019 ఆగస్టులో చెన్నై తీరాన మెరిసింది నాక్టిల్యూకా, అది వేరే జీవుల్ని తిని బతికే రకం, ఇంట్లో నిలబెట్టడం చాలా కష్టం.

అక్వేరియం వాళ్లు వాడే సముద్రపు ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు, అందులో ఎఫ్ బై టూ అనే పోషక ద్రావణం. వంటింటి ఉప్పు వద్దు. 12 గంటలు తెల్ల ఎల్ఈడీ వెలుతురు, 12 గంటలు కటిక చీకటి, నేరుగా ఎండ తగలకూడదు. అసలు టెన్షన్ వేడితోనే, 20–22 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటాయి కాబట్టి మన ఎండాకాలంలో ఏసీ లేకుండా మొదలుపెట్టొద్దు. ఎయిర్ పంపు పెట్టకండి, ఆ బుడగల కుదుపుకే దెబ్బతింటాయి.

మీ షో పగలు కాబట్టి టైమర్ పెట్టి రాత్రి లైటు, పగలు చీకటి ఇవ్వండి. ముందు రోజు మార్చేస్తే లాభం లేదు, వాటికి లోపల సొంత గడియారం ఉంటుంది, కనీసం వారం ముందే మొదలుపెట్టాలి. గది బయట ఇంకో చీకటి గది కూడా కావాలి, ఎండలోంచి నేరుగా వచ్చినవాళ్లకి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఏమీ కనిపించదు, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. వచ్చేవాళ్లు ఎక్కువైతే సీసాల్ని వంతులవారీగా మార్చండి, మాటిమాటికీ కదిపితే వెలుగు తగ్గిపోతుంది, మళ్లీ లైటు కింద ఒక పూట ఉంటే కోలుకుంటాయి.

చుక్క వెనిగర్ వేస్తే అన్నీ ఒక్కసారిగా వెలుగుతాయని ఎవరైనా చెబుతారు. నిజమే, కానీ ఆ తర్వాత చచ్చిపోతాయి. దయచేసి ఆ పని చేయకండి. సగం కల్చర్ ఇంట్లోనే ఉంచి, మిగతా సగమే షోకి తీసుకెళ్లండి.