యాంటీబాడీ నంబర్ పెద్దగా వస్తే కొత్త వేరియంట్ ఏమీ చేయదా?

మీ ప్రశ్న ఇదీ: డీఎన్ఏ వ్యాక్సిన్ (వైరస్ ప్రోటీన్ తయారీకి కావలసిన కోడ్‌ని డీఎన్ఏ రూపంలో ఒంటికిచ్చే టీకా) వేయించుకున్నాక యాంటీబాడీ టెస్టులో నంబర్ బాగా వస్తే, ఒమిక్రాన్ లాంటి వేరియంట్ల గురించి ఇక నిశ్చింతేనా? కాదు. ఆ నంబర్ ఎలా పుడుతుందో దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి అక్కణ్ణుంచే చెప్తా.

2021లో కర్నూలు పెద్దాసుపత్రికి దగ్గర్లో ఓ ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌ని. ఆదోని వైపు నుంచి ఓ పెద్దాయన కోవిషీల్డ్ రెండు డోసులూ అయ్యాక వచ్చి రక్తమిచ్చాడు. రిపోర్టు నెగెటివ్. "ఏమప్పా, రెండు సూదులూ ఏపిచ్చుకున్నా కదా, ఏమీ లేదంటాండావే?" అని కౌంటర్ దగ్గరే నిలబడిపోయాడు. లోపం ఆయన ఒంట్లో లేదు, మేం పెట్టిన కిట్‌లో ఉంది. అది వెతికేది వైరస్ లోపలుండే న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్‌కి పుట్టిన యాంటీబాడీల్ని. కోవిషీల్డ్ ఒంటికి చూపించేది పైనుండే స్పైక్ ఒక్కదాన్నే. అదే సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) స్పైక్‌ని చూసే కిట్‌లో పెడితే నంబర్ బ్రహ్మాండంగా వచ్చింది. రెండోసారికి డబ్బులు తీసుకోలేదు లెండి.

డీఎన్ఏ వ్యాక్సిన్ జైకోవ్-డి కూడా స్పైక్ మీదే ఆధారపడింది. అహ్మదాబాద్ జైడస్ వాళ్లది, 2021 ఆగస్టు 20న అత్యవసర అనుమతి వచ్చింది. సూది ఉండదు. జెట్‌తో, అంటే మందుని సన్నటి ధారగా ఒత్తిడితో చర్మంలోకి కొట్టేవారు, అప్పటి లెక్కన 28 రోజుల ఎడంతో మూడు డోసులు. జెట్ ఎందుకంటే, డీఎన్ఏ కణం లోపలికి పోవడమే కాదు, కేంద్రకం దాకా చేరాలి. మామూలు సిరంజితో కండలోకి పొడిస్తే చాలావరకు బయటే ఉండిపోయి యాంటీబాడీలు తక్కువగా వస్తాయి. మొదటి తరం డీఎన్ఏ టీకాలకు మనుషుల్లో వచ్చిన చిక్కు ఇదే.

ఇక వేరియంట్ల సంగతి. మేం వాడిన స్పైక్ కిట్‌లో పూసి ఉండేది మొదట్లో వచ్చిన వైరస్ తాలూకు స్పైక్. అంటే మెషిన్ చెప్పే నంబర్, ఆ పాత రూపానికి ఎన్ని యాంటీబాడీలు అతుక్కున్నాయన్నదే. ఒమిక్రాన్ స్పైక్‌లో 30కి పైగా మార్పులున్నాయి. పాతదాన్ని గట్టిగా పట్టుకున్న యాంటీబాడీల్లో చాలావాటికి అక్కడ పట్టు దొరకదు. పైగా అతుక్కున్న ప్రతిదీ వైరస్‌ని ఆపదు. ఆపుతుందో లేదో తెలియాలంటే సీరాన్ని పదింతలు, ఇరవై ఇంతలు, నలభై ఇంతలు పలచన చేసుకుంటూ పోయి, ఆ వేరియంట్‌తోనే కలిపి, కణాల మీద పోసి, ఏ పలచన దాకా కణాలు బతికాయో చూడాలి. దానికి ప్రత్యేకమైన బయోసేఫ్టీ ల్యాబు కావాలి, మా సందులో ఉన్న ల్యాబుల్లో అయ్యే పని కాదు.

జైకోవ్-డి ట్రయల్ డెల్టా ఉధృతంగా ఉన్నప్పుడు 28,000 మందికి పైగా మీద జరిగింది. మధ్యంతర ఫలితంలో లక్షణాలున్న కోవిడ్ నుంచి రక్షణ 66.6 శాతం. అదంతా ఒమిక్రాన్ రాకముందు మాట.

అలాగని నంబర్ తక్కువైతే రక్షణే లేదని కాదు. టి-కణాలు (రోగనిరోధక వ్యవస్థలో మరో రకం కణాలు) స్పైక్‌ని చిన్న చిన్న ముక్కలుగా గుర్తుపడతాయి, ఆ ముక్కలన్నీ ఒకేసారి మారిపోవు. జబ్బు ముదరకుండా చూడటంలో వాటి పాత్ర పెద్దది, మా మెషిన్‌లో మాత్రం కనబడవు. కొత్త వేరియంట్‌కి తగ్గట్టు డీఎన్ఏ టీకాలో స్పైక్ కోడ్ మార్చుకోవడం కూడా తేలికే.

మీ రిపోర్టు దగ్గరుంటే టెస్టు పేరు పక్కన స్పైక్ అని ఉందో, న్యూక్లియోక్యాప్సిడ్ అని ఉందో చూసి చెప్పండి.