స్కూల్ ముద్ర లేదని పోటీలు మానుకోవాలా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, కొర్లగుంట. మావారికి పూజాసామాన్ల అంగడి ఉంది. మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా కరోనా వచ్చింది. అప్పుడు మాన్పించిన స్కూలుకు మళ్లీ పంపలేదు, నేనే ఇంట్లో చదివిస్తున్నాను. ఇప్పుడు 15 ఏళ్లు. బొమ్మలు బాగా వేస్తుంది, తెలుగులో కథలు రాస్తుంది. ఏ పోటీకి పంపాలన్నా హెడ్మాస్టర్ సంతకం, స్కూల్ ముద్ర అడుగుతున్నారు. మా మరిది తనకు తెలిసిన ప్రైవేట్ స్కూల్లో పేరు రాయించి స్టడీ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? అమెరికాలో ఇంట్లో చదివే పిల్లలను కూడా పెద్ద పోటీలకు రానిస్తారని నెట్‌లో చూశాను, వాటికి పంపొచ్చా? అసలు ఈ ప్రైజులు కాలేజీ సీటుకు పనికొస్తాయా? పిల్ల దిగులు పడుతోంది, నాకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు మీ మరిదిగారి మాట తేల్చేద్దాం. ఆ సర్టిఫికెట్ తీసుకోకండి. ఆయన మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ దాని వెనక చిక్కులు ఆయనకు తెలిసి ఉండవు. నిజంగానే పేరు రాయిస్తే మీ అమ్మాయి వివరాలు యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ విద్యార్థుల రికార్డులోకి ఎక్కుతాయి, పెన్ అనే శాశ్వత నంబరు వస్తుంది. రేపు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టినప్పుడు, పిల్ల ఒకటే అయినా రికార్డులు రెండు చోట్ల ఉంటాయి. పేరు రాయించకుండా ఉత్త కాగితం ఇస్తే అది ఇంకా ప్రమాదం. పోటీల్లో కాగితాలను గట్టిగా పరిశీలించేది ప్రైజు వచ్చిన తర్వాతే. గెలిచిన పిల్లను ఆరోజు అందరి ముందూ తలదించుకునేలా చేయడం కన్నా అసలు పంపకపోవడమే నయం.

అయితే నిర్వాహకులు ఆ సంతకం ఎందుకు అడుగుతారో ఒకసారి ఆలోచించండి. దారి అక్కడే దొరుకుతుంది. హెడ్మాస్టర్ సంతకం వాళ్లకు మూడు సంగతులు చెబుతుంది. ఈ పిల్ల వయసు ఇంత, ఈ పిల్ల ఫలానా చోట విద్యార్థి, ఈ పని ఈ పిల్లే చేసింది. ఈ మూడింటికీ వేరే ఆధారాలు మీ దగ్గర ఉన్నాయి, లేదా తెచ్చుకోగలరు.

వయసుకు జనన ధృవీకరణ పత్రం, ఆధార్ చాలు. ఆ రెండింట్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

రెండో దానికి మంచి దారి ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. కేంద్ర ప్రభుత్వం 1989లో పెట్టింది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నేరుగా చేరవచ్చు. తెలుగు మీడియం ఉంది, ఏటా రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి, ఒకసారి చేరితే ఐదేళ్ల వరకు అవకాశం ఉంటుంది. మీ అమ్మాయి విషయంలో నాకు నచ్చేదేమిటంటే అక్కడ పెయింటింగ్ కూడా ఒక సబ్జెక్టు. కనీసం ఐదు సబ్జెక్టులు కావాలి కదా, అందులో తెలుగు, పెయింటింగ్ రెండూ తీసుకోవచ్చు. చేరితే గుర్తింపు కార్డు వస్తుంది. ‘విద్యార్థి’ అని రాయాల్సిన చోట ఆ నంబరు వేయండి. సంతకం కావాలంటే మీకు కేటాయించిన స్టడీ సెంటర్ కోఆర్డినేటర్‌ను అడగండి, అది నిజమైన సంతకం. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ కూడా ఉంది కానీ, పెయింటింగ్ కోసం నేను ఎన్‌ఐఓఎస్ వైపే చూడమంటాను.

మూడోది, ఈ పని ఈ పిల్లే చేసిందన్న సంగతి. నాలుగు మాటలు ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే.

కొన్నేళ్ల కిందట చిత్తూరులో ఒక పిల్లల బొమ్మల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. ఇంటి దగ్గర వేసి పంపిన బొమ్మల్లో ఒకటి అందరికీ నచ్చింది. నీడలు, ముడతలు, కంటిలో మెరుపు, అన్నీ పండిన చేతివాటంతో ఉన్నాయి. ఫైనల్‌కు పిలిచి, ఇక్కడే కూర్చుని ఒక చెయ్యి బొమ్మ వెయ్యి బాబూ అన్నాం. ఆ అబ్బాయి పెన్సిల్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాసేపటికి ఏడ్చాడు. వేసింది ఎవరో మేం అడగలేదు. నాకు మాత్రం ఆ పిల్లవాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. స్కూలు ముద్ర ఉన్న పిల్లవాడే అతను. ముద్ర దేన్నీ రుజువు చేయలేదు.

అందుకే మీ అమ్మాయికి ఒక అలవాటు చేయించండి. ఒక లావు పుస్తకం కొనివ్వండి. బొమ్మకు ముందు వేసే గీతలు, చెడిపోయినవి, రంగు కలిపి చూసుకున్న మచ్చలు, అన్నీ అందులోనే ఉండాలి. ప్రతి పేజీ మీద తేదీ వేయాలి. కథలకు ఇంకో పుస్తకం పెట్టండి. కొట్టివేతలు, బాణం గుర్తులు, మార్చి రాసిన ముగింపులు అలాగే ఉంచాలి, చించి పారేయకూడదు. పెద్ద బొమ్మ వేసేటప్పుడు సగంలో ఉండగా ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీయండి. ఏ నిర్వాహకుడైనా అనుమానపడితే ఈ పుస్తకం ముందు పెట్టొచ్చు, ఏ హెడ్మాస్టర్ మాటకూ ఇది తీసిపోదు. పోటీలకే కాదు, రేపు కాలేజీలో పోర్ట్‌ఫోలియో అని అడిగేది కూడా చాలావరకు ఇదే.

ఇందులో మీ వంతు కూడా ఉందమ్మా. ఇంట్లో చదివించే తల్లికి దిద్దే అలవాటు ఉంటుంది. పాఠంలో దిద్దండి, కథలో దిద్దకండి. అక్షరదోషం ఉంటే కింద గీత గీసి చూపించండి, తనే సరిచేసుకుంటుంది. వాక్యం మాత్రం మార్చొద్దు. 15 ఏళ్ల పిల్ల వాక్యం 15 ఏళ్ల పిల్ల వాక్యంలాగే ఉండాలి. ఫోన్‌లో ఏఐతో బొమ్మ చేయించడం, కథ సరిచేయించడం అసలు వద్దు. ఈ విషయంలో చాలా పోటీలు ఇప్పుడు హామీపత్రం అడుగుతున్నాయి.

ఇక ఏ పోటీలకు పంపాలి? కళా ఉత్సవ్ లాంటివి స్కూళ్ల ద్వారానే నడుస్తాయి. తపాలా శాఖ స్టాంపుల స్కాలర్‌షిప్ స్పర్శ్ కూడా గుర్తింపు ఉన్న స్కూల్లో ఆరు నుంచి తొమ్మిది చదివేవాళ్లకే. వాటి గురించి బాధపడకండి. తరగతి కాకుండా వయసు చూసే పోటీలను వెతకాలి. అలాంటివీ ఉన్నాయి.

వాటిలో మీ అమ్మాయికి అన్నిటికన్నా సరిపోయేది తపాలా శాఖ 2017 నుంచి నడుపుతున్న ‘ఢాయీ ఆఖర్’ ఉత్తరాల పోటీ. 18 ఏళ్ల లోపువాళ్లకు వేరే విభాగం ఉంది. ఇన్‌ల్యాండ్ లెటర్ మీద 500 పదాలు, కవరులో పెట్టే కాగితం మీదైతే 1000 పదాలు మించకుండా చేత్తో రాయాలి. తెలుగులో రాయొచ్చు. ఇక్కడ హెడ్మాస్టర్ సంతకం అక్కర్లేదు, నా వయసు 18 లోపు అని పిల్లే రాసి ఇస్తుంది. సర్కిల్ (అంటే రాష్ట్ర) స్థాయిలో మొదటి బహుమతి 25,000 రూపాయలు, జాతీయ స్థాయిలో 50,000. అంశం, గడువు ఏటా మారుతుంటాయి కాబట్టి తిరుపతి హెడ్ పోస్టాఫీసులో అడిగి తెలుసుకోండి. అక్కడే అంతర్జాతీయ తపాలా సంఘం ఉత్తరాల పోటీ గురించి కూడా అడగండి. 1971 నుంచి జరుగుతోంది, 9 నుంచి 15 ఏళ్ల వాళ్లకు మాత్రమే. అంటే మీ అమ్మాయికి ఇదే ఆఖరి అవకాశం కావచ్చు, ముందు దాని సంగతే చూడండి.

ఇంగ్లీషులో రాయగలిగితే లండన్‌లోని రాయల్ కామన్వెల్త్ సొసైటీ 1883 నుంచి నడిపే క్వీన్స్ కామన్వెల్త్ వ్యాసరచన పోటీ ఉంది. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లది సీనియర్ విభాగం. ఫీజు లేదు. ఎవరికి వారు పంపుకోవచ్చు, కథగానో కవితగానో రాసినా తీసుకుంటారు. కానీ తెలుగులో రాసి మెషీన్‌తో ఇంగ్లీషులోకి మార్చి పంపే ఆలోచన చేయొద్దు. ఇంగ్లీషు ఇంకా చేతికి రాకపోతే మరో ఏడాది ఆగండి, ఇంకా మూడేళ్లు టైముంది.

మీరు నెట్‌లో చూసిన అమెరికా పోటీ 1923 నుంచి నడుస్తున్న స్కొలాస్టిక్ అవార్డులు అనుకుంటాను. ఏడు నుంచి పన్నెండో తరగతి వయసు పిల్లల బొమ్మలు, రచనలు రెండూ తీసుకుంటారు. ఇంట్లో చదివే పిల్లలకు అందులో చోటున్న మాట నిజమే. కానీ అది అమెరికా, కెనడాల్లో ఉండే పిల్లలకు, బయటి దేశాల్లోని అమెరికన్ స్కూళ్ల పిల్లలకు. తిరుపతి నుంచి పంపడానికి వీల్లేదు. దాని మీద ఆశ పెట్టించకండి.

దగ్గర్లో ఉన్నవాటిని మాత్రం చిన్నవని తీసిపారేయకండి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలు పెడుతుంటారు. ఇప్పుడే మీ అమ్మాయికి లైబ్రరీ సభ్యత్వం తీయించండి. రోజూ వచ్చి చదువుకునే పిల్ల అని లైబ్రేరియన్‌కు తెలిస్తే, స్కూలేది అన్న ప్రశ్న చాలాసార్లు రాదు. అక్కడ ప్రైజు రాకపోయినా ఇంకో లాభం ఉంది. స్కూలు పిల్లలు రోజూ పక్క బెంచీ వాళ్ల బొమ్మలు చూస్తారు. మీ అమ్మాయికి ఆ అవకాశం లేదు. తన ఈడు పిల్లలు ఏం వేస్తున్నారో, ఎంత వేగంగా వేస్తున్నారో ఒక హాల్లో కూర్చుని చూడటం ఆమెకు చాలా అవసరం. ఇంటి చదువులో నాకు కనిపించే పెద్ద లోటు ఇదేనమ్మా, దీన్ని మీరే పూడ్చాలి.

ఏం వేయాలి, ఏం రాయాలి అన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను. జడ్జిగా కూర్చున్నప్పుడు నూరు బొమ్మల్లో సగం కన్నీళ్లు కారుస్తున్న భూగోళాలే చూశాను. మిగతావాటిలో సగం క్యాలెండర్‌లోంచి దించిన స్వామివారు. చెయ్యి తిరగడానికి దించితే తప్పులేదు, పోటీకి మాత్రం అది పనికిరాదు. సొంత పని అయి ఉండాలన్నది ఏ పోటీలోనైనా మొదటి నిబంధన. మీ అమ్మాయి పుట్టిన ఊరు తిరుపతి! మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండల వేషం వీధుల్లో తిరుగుతాయి. చీర కట్టుకున్న మగవాళ్లు అద్దం ముందు బొట్టు పెట్టుకుంటుంటే ఆ పిల్ల చూసే ఉంటుంది. అది వేయమనండి. మీ అంగడిలో పసుపు పొట్లాలు కట్టే నాన్న చేతులు వేయమనండి. అలిపిరి మెట్ల మీద ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్ల నడుముల వంపు వేయమనండి. ఉత్తరం రాసినా అంతే, దాన్ని ఢిల్లీలో చదివే జడ్జిలకు మీ అంగడి వాసన తగలాలి.

ఒక ఆదివారం కలంకారీ పని చూడటానికి శ్రీకాళహస్తి తీసుకెళ్లండి, ఎంతో దూరం లేదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద చింత బొగ్గుతో గీసి, ఆ పైన కలంతో నల్లగీత వేస్తారు. ఒకసారి పడిన ఆ గీతను తుడపడం ఉండదు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారి ఊరు అది. పని జరిగే ఇంట్లో గంటసేపు కూర్చుంటే పిల్లకు గీత మీద గౌరవం పెరుగుతుంది.

ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో అంతర్జాతీయ ఆర్ట్ కాంటెస్ట్ అని వస్తుంటాయి. ఎంట్రీ ఫీజు కట్టగానే అందరికీ గోల్డ్ మెడలే, ట్రోఫీ కావాలంటే ఇంకొంచెం డబ్బు. జడ్జిలెవరో చెప్పరు, గెలిచిన బొమ్మలు చూపించరు. వాటికి ఒక్క రూపాయి కూడా కట్టకండి. మంచి పోటీలకైనా పంపేముందు బొమ్మ మీద హక్కు ఎవరికి పోతుందో, అసలు ప్రతి తిరిగి ఇస్తారో లేదో చదవండి.

చివరి ప్రశ్న, కాలేజీ సీటు. ఎన్‌ఐడీ, నిఫ్ట్ లాంటి డిజైన్, ఫ్యాషన్ కాలేజీలైనా, ఐఐటీల డిజైన్ సీట్ల కోసం పెట్టే యూసీడ్ అయినా ప్రవేశపరీక్షలో చూపించే ప్రతిభకే మార్కులు వేస్తాయి, ప్రైజు సర్టిఫికెట్లకు వేయవు. ఓపెన్ స్కూల్ ఇంటర్ ఉన్నా ఐదు సబ్జెక్టులు పాసైతే నిఫ్ట్‌కు సరిపోతుంది. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీకి దగ్గర్లో కడపలో వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఉంది. ఊరు దాటి పంపలేమనుకుంటే పదో తరగతి తర్వాత టీటీడీ వాళ్ల శిల్పకళా విద్యాసంస్థ తిరుపతిలోనే ఉంది. శిల్పంతో పాటు సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ కూడా నేర్పుతారు. వీటన్నిటికీ పదో తరగతి మెమో కావాలి. కాబట్టి పోటీల హడావిడిలో ఓపెన్ స్కూల్ అడ్మిషన్ గడువు దాటిపోనివ్వకండి, నా లెక్కలో మొదటి పని అదే.

మీ మరిదిగారికి ఈ జవాబు చదివి వినిపించండి, నొచ్చుకోరు. వీలైతే ఎన్‌ఐఓఎస్ స్టడీ సెంటర్ తిరుపతిలో ఎక్కడుందో కనుక్కునే పని ఆయనకే అప్పజెప్పండి. అమ్మాయిని ఈలోగా ఒక ఉత్తరం రాయమనండి, అంశం వచ్చేదాకా ఆగక్కర్లేదు, చెయ్యి అలవాటు కావడానికి. అసలు పోటీ ఉత్తరం పోస్టు చేసే ముందు మాత్రం జిరాక్స్ తీయించి ఆ పుస్తకంలో అంటించండి. పంపినవి తిరిగి రావు.